వెల్లుల్లి వాసన

"బావా! ఆగు!"

ఆగడు.

ఆగితే అయిపోయినట్టే!

సందంతా చీకటి. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఊళ్ళో వీధి దీపాలు వెలగడం లేదు. పైన తిరిగే విమానాలకి ఊరు కనిపించకూడదట. విమానాల సంగతేమో గానీ, మేస్త్రీకి తన కాళ్ళే తనకి కనిపించడం లేదు.

మోకాలు దేనికో కొట్టుకుంది... చెత్తడబ్బా! దొర్లింది... ఊరంతా లేచి కూర్చునేలా దడదడమంటూ దొర్లింది.

"బావా, నీకు దణ్ణం పెడతా... ఒక్క మాట విను!"

వెనకే బూట్ల చప్పుడు. టార్చి వెలుతురు గోడల మీద ఎగిరెగిరి పడుతోంది.

పరిగెడుతున్నవాడు ఫ్యాక్టరీలో మూడో షెడ్డు మేస్త్రీ. తరుముతున్నవాడు అదే ఫ్యాక్టరీకి సెక్యూరిటీ ఆఫీసరు. అంతకంటే ముందు, మేస్త్రీ పెళ్ళానికి తోడబుట్టిన తమ్ముడు. సాక్షాత్తూ సొంత బావమరిది!

బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని సామెత. చెప్పినవాళ్ళకేం, బాగానే చెప్పారు. వాళ్ళ బావమరుదుల నడుముకి పిస్టళ్ళు లేవు!

మేస్త్రీ ఎడమ చెయ్యి చంకకి అదుముకుని ఉంది. చొక్కా కింద, బనీను కింద, చంకలో ఇరికించిన చిన్న గాజు సీసా. బొటనవేలంత ఉంటుంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉంది. షిఫ్టు అయిపోయేదాకా దాన్ని చంకలో పెట్టుకునే పని చేశాడు, పెట్టుకునే గేటు దాటాడు. స్నానాల గది ఎగ్గొట్టాడు. బట్టలిప్పితే సీసా బయటపడుతుంది మరి!

గేటు దగ్గర బావమరిది నవ్వుతూ ఎదురొచ్చాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

అంతే! నవ్వు ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

"బావా... నీ దగ్గర ఏముంది?"

ఇంకేముంది, మేస్త్రీ లగెత్తాడు!

* * *

ఫ్యాక్టరీ బోర్డు మీద 'పురుగుల మందు' అని ఉంటుంది. పక్కనే వెల్లకిలా పడిన బొద్దింక బొమ్మ. ఏడాదిగా మేస్త్రీ ఆ మందు డబ్బాల్లో నింపిస్తున్నాడు. పోయిన నెల డబ్బాలు రావడం ఆగిపోయింది. వాటి బదులు ఫిరంగి షెల్స్ వచ్చాయి.

ఏ చేనుకి చల్లే మందునయ్యా ఫిరంగిలో పెట్టి పేలుస్తారు? షెడ్డులో ఒక్కడూ అడగలేదు. మొహాలు మొహాలు చూసుకున్నారు, నింపారు.

ఈ రోజు పొద్దున షెడ్డు వెనక్కి వెళ్ళాడు మేస్త్రీ. అక్కడ దొడ్లో గొర్రెలున్నాయి. నిన్న సాయంత్రం ఇంజనీర్లు వాటి మధ్య ఏదో పేల్చారట. పెద్ద గొర్రెలు పడి ఉన్నాయి. ఒంటి మీద ఉన్ని ఊడిపోయి, కింద అరచేతులంత బొబ్బలు. ఒక పిల్ల మాత్రం ఇంకా నిలబడి ఉంది. కళ్ళు వాచి మూసుకుపోయాయి దానికి. తల్లి ఎక్కడుందో తెలీక గోడకి మూతి ఆనించి పాల కోసం చీకుతోంది.

గోడని!

మేస్త్రీ అక్కడ ఆగలేదు. ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు.

"సార్... ఇది ఎక్కడ వాడతారు సార్?"

"నది అవతలి ఊళ్ళో. జనం నేలమాళిగల్లో దాక్కున్నారు. ఎన్ని బాంబులేసినా బయటికి రావట్లేదు. ఈ మందు బరువైంది, కిందికి దిగుతుంది. వెతుక్కుంటూ వెళ్తుంది."

"పిల్లలుంటారు కదా సార్, అక్కడ?"

ఇంజనీరు టీ తాగుతున్నాడు. కప్పు దించలేదు.

"యుద్ధం మేస్త్రీ! రేపు రాత్రికి లోడు వెళ్ళిపోవాలి. నువ్వు పని చూడు."

పని చూశాడు! శాంపిల్ తీసే సమయంలో ఒక సీసా ఎక్కువ తీశాడు.

పెద్దాసుపత్రిలో బయటి దేశం నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఒక్క చుక్క తెచ్చివ్వండి చాలు, ప్రపంచం ముందు పెడతాను, ఆ లోడు కదలకుండా ఆపిస్తాను అని కనబడ్డవాళ్ళనల్లా బతిమాలుతోంది. ఆమెకి ఈ సీసా ఇవ్వాలి.

కానీ ముందు ఇంటికి. ముందు పిచ్చుక!

పిచ్చుక అంటే మేస్త్రీ కూతురు. ఆరేళ్ళు. నిద్రలో కూడా కబుర్లు చెబుతుందని ఆ పేరు పెట్టింది మేనమామే. తల్లి పోయి రెండేళ్ళు. ఇంట్లో నాయనమ్మ ఉంది గానీ, ఆవిడకి చెవుడు, పైగా మంచం. సీసా ఇచ్చిన మరుక్షణం ఫ్యాక్టరీ వాళ్ళు పిల్ల మీద పడతారు. అందుకని పిల్లని భుజాన వేసుకునే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లకేమన్నా అయితే మేస్త్రీకి ఈ లోకంతో ఇక పనేముంది?

* * *

సందు చివర ఏదో బిల్డింగు. మెట్ల కింద ఖాళీ. దూరాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

బూట్లు దగ్గరికొచ్చాయి...

ఆగాయి...

మళ్ళీ ముందుకి వెళ్ళిపోయాయి.

హమ్మయ్య!

కళ్ళు మండుతున్నాయి. ఇసుక పడ్డట్టు గరగర. దుమ్ము కాబోలు. ముంజేత్తో రుద్దుకున్నాడు.

జేబులో ఫోను వణికింది! పై ప్రాణాలు పైనే పోయాయి. తీశాడు.

బావమరిది!

"బావా, కట్ చెయ్యకు. ఎక్కడున్నావని అడగను. నన్ను నమ్ము. ఎక్కడికైనా వెళ్ళు... ఇంటికి మాత్రం వెళ్ళకు!"

మేస్త్రీ ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకురా? నీ స్క్వాడ్ నా ఇంట్లో కాపు కాసిందా?"

"ఇంకా లేదు. వస్తుంది. దాని సంగతి తర్వాత. ఆ సీసా కారుతోంది బావా!"

"నా చెవిలో పువ్వు కనబడుతోందా నీకు?"

"గేటు దగ్గర నీ మీద గుప్పున వాసనొచ్చింది! వెల్లుల్లి వాసన! నేను చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకున్నాననుకున్నావ్?"

మేస్త్రీ గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ లేదు.

"నాకు రావట్లేదే!"

"నీకెలా వస్తుంది? మూడో షెడ్డులో ఏ ముక్కు పని చేస్తుంది బావా? మొన్న స్టవ్ మీద పాలు మాడిపోయి ఇల్లంతా కంపు కొడుతుంటే, నువ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకోలేదూ?"

నిజమే. షెడ్డులో అదో జోకు. కొత్తగా చేరిన కుర్రాడు వారం రోజులు ముక్కు మూసుకుంటాడు. నెల తిరిగేసరికి వాసనేది అంటాడు. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టి, నువ్వు మావాడివైపోయావురా అంటారు. ముక్కు చచ్చినవాడే పనిమంతుడు అక్కడ!

"నిలువుగా ఇసుక పెట్టెలో పెట్టి మోసే సీసా బావా అది! పడుకోబెడితే మూతలోంచి కారుతుందని కుర్రాళ్ళకి మొట్టికాయలు వేసి మరీ నేర్పింది నువ్వే కదా! ఎక్కడ పెట్టుకున్నావ్? చంకలోనా? అడ్డంగానా?"

మేస్త్రీ చంక తడిమాడు. తడిగానే ఉంది. అయితే ఏంటి? వీపు తడి, పొట్ట తడి, మెడ తడి. ఇంత పరుగు పరిగెత్తినవాడికి తడి కాక ఏముంటుంది?

మండుతోందా? మండటం లేదు.

"మండట్లేదురా."

"ఈ మందు అంటగానే మండుతుందా బావా? రాత్రి అంటితే తెల్లారి కదా బొబ్బలొచ్చేది! నీకు నేను చెప్పాలా?"

అవును. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. కానీ ఆ సంగతి బావమరిదికీ తెలుసు. భయపెట్టి ఇంటికి వెళ్ళకుండా ఆపాలంటే ఇంతకంటే మంచి అబద్ధం ఉంటుందా? పిల్లని ముందే పట్టుకుంటే బావ సీసా కక్కుతాడని వీడి ఎత్తు! వాళ్ళ ఉప్పు తింటున్నవాడు వాళ్ళ పాటే పాడతాడు.

"నా కూతురి జోలికొస్తే, నా పెళ్ళాం తమ్ముడివని కూడా చూడనురా!"

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా... దాన్ని ముట్టుకోకు!"

కట్ చేశాడు.

పరుగు!

* * *

ఇల్లు.

రెండంతస్తుల పాత కట్టడం. ముందు సిమెంటు వాకిలి, మూల నీళ్ళ ట్యాంకు, కింద కుళాయి, చుట్టూ ఎత్తు గోడ. గేటు నెట్టాడు. కీచుమంది.

పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది.

"నాన్నా!"

ఇంకా పడుకోలేదు గడుగ్గాయి! ప్రాణం లేచొచ్చింది మేస్త్రీకి. చేతులు చాచాడు.

"దిగి రా తల్లీ! గబగబా! చప్పుడు చెయ్యకు!"

మెట్ల మీద చిట్టి పాదాల టపటప. వాకిట్లోకి దూసుకొచ్చింది. గౌను, చిక్కు పడిన జుట్టు, ఒక కాలికే చెప్పు. ఎప్పటిలాగే ఎగిరి మెడ పట్టుకుని వేలాడబోయింది...

ఠక్కున ఆగింది.

ముక్కు చిట్లించింది.

"ఛీ! నాన్నా... నీ దగ్గర వెల్లుల్లి కంపు!"

మేస్త్రీ గుండె ఆగిపోయింది.

ఆరేళ్ళ పిల్ల! ఫోన్లో మాట వినలేదు. షెడ్డు ముఖం చూడలేదు. దానికెవరు నేర్పుతారు ఆ మాట?

బావమరిది చెప్పింది నిజం.

అక్షరాలా నిజం!

చాచిన చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. చొక్కా మీద, చేతుల మీద, మెడ మీద, మధ్యాహ్నం నుంచీ... మండుతున్న ఈ కళ్ళలో... అమ్మో! దుమ్ము కాదది!

"ఫర్లేదులే," అంది పిచ్చుక, పెద్ద ఆరిందాలాగా. "కంపు నాన్న!"

మళ్ళీ దూకింది.

మేస్త్రీ వెనక్కి గెంతాడు!

"రాకు! నా దగ్గరికి రాకు తల్లీ!"

దానికి నవ్వొచ్చింది. ఆటనుకుంది! నాన్న పరిగెత్తితే పట్టుకోవాలి కదా? కిలకిలా నవ్వుతూ వెంటపడింది.

"ఆట కాదమ్మా! ఆగు! అక్కడే ఆగు!"

"దొరికిపోతావ్ నాన్నా!"

ట్యాంకు చుట్టూ తిరిగాడు. వెనకే వస్తోంది. మెట్ల వైపు తప్పుకున్నాడు. అటూ వచ్చింది. ఇంతసేపు పిస్టలున్నవాడికి దొరక్కుండా పరిగెత్తాడు. ఇప్పుడు ఒంటి చెప్పు పిల్లకి దొరకకూడదు! కళ్ళు సగం మూసుకుపోతున్నాయి.

"కొడతాను! దగ్గరికొస్తే కొడతాను!"

జన్మలో దాని మీద చెయ్యెత్తలేదు. అది నమ్మితేగా! ఇంకా గట్టిగా నవ్వింది.

వీపుకి గోడ తగిలింది. ఇటు గోడ, అటు గోడ. పిల్ల రెండు చేతులూ చాపి పిల్లిలా అడుగులేస్తూ వస్తోంది. మేస్త్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. లోకంలో ఏ తండ్రికీ రాకూడదు ఇలాంటి గతి. కన్నబిడ్డ ముద్దు పెట్టడానికి వస్తుంటే, గోడలోకి దూరిపోదామని చూస్తున్నాడు!

"దేవుడా... ఎవరైనా దీన్ని పట్టుకోండి!"

గేటు ధడాలుమంది!

బావమరిది! రొప్పుతున్నాడు. టార్చి వెలుతురు వాకిలంతా ఒక్కసారి ఊడ్చింది. గోడ మూల బావ... ఎదురుగా చేతులు చాచి పిల్ల...

ఎత్తుకోబోతున్నాడనుకున్నాడు!

"ముట్టుకోకు బావా!"

ఒక్క ఉరుకు! పిల్లని దాటి వచ్చి బావ మీద పడ్డాడు. ఇద్దరూ నేల మీద. తనకి అంటుతుందని తెలిసే పడ్డాడు పిచ్చివెధవ! రొమ్ముతో రొమ్ము నొక్కి, చేతులు నేలకి అదిమాడు.

చంకలో పటుక్కుమంది.

సీసా!

"మామయ్యా! నాన్నని కొట్టకు!" పిచ్చుక నవ్వు ఏడుపైంది. తండ్రి వైపు పరిగెత్తింది.

బావమరిది ఒక్క దుముకున లేచాడు. అడ్డం తిరిగాడు. తండ్రిని చేరేలోపు పిల్లని గాల్లోనే అందుకున్నాడు. గుండెలకి అదుముకున్నాడు. గట్టిగా... ఇక ఎవరికీ ఇవ్వనన్నట్టు!

"అయిపోయింది తల్లీ... అయిపోయింది... నేనున్నా కదా... నీకేం కాలేదు."

పిల్ల మొహం మామయ్య రొమ్ములో దాచుకుని వెక్కుతోంది.

కింద పడిన టార్చి వాళ్ళిద్దరి మీద వెలుగుతోంది.

మేస్త్రీ మోచేతుల మీద లేచాడు. వాచిన రెప్పల సందులోంచి చూశాడు.

బావమరిది యూనిఫాం. రొమ్ము మీద తడి మరక. నూనెలా మెరుస్తోంది.

దాని మీద పిచ్చుక బుగ్గ!

"ఒరేయ్! వదులు! వదలరా దాన్ని!"

బావమరిది అర్థం కానట్టు చూశాడు. తర్వాత తన చొక్కా వంక చూసుకున్నాడు.

ఆ మొహాన్ని మేస్త్రీ చచ్చేదాకా మరిచిపోడు.

"బావా... నేను... నేను దాన్ని కాపాడదామనే..."

"తెలుసురా."

మేస్త్రీ లేచాడు. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది గనక! చొక్కా, బనీను ఒక్కసారిగా చింపి అవతల పారేశాడు. పిల్లని లాక్కున్నాడు. ఇంతసేపూ తప్పించుకు తిరిగిన కూతుర్ని చేతుల మీద ఎత్తుకుని కుళాయి వైపు పరిగెత్తాడు. ఆలస్యమయ్యేకొద్దీ మందు చర్మంలోకి ఇంకుతుంది. నీళ్ళు కావాలి! ఇప్పుడే కావాలి!

కుళాయి తిప్పాడు. గౌను చింపేశాడు. తన చేతులు కడుక్కున్నాడు. దాని తల ధార కింద పెట్టాడు.

"అబ్బా! చలి నాన్నా!"

"ఓర్చుకో నా తల్లీ... కళ్ళు తెరువు... నీళ్ళలో తెరువు... రుద్దకు!"

వీధి మొగలో ఇంజను రొద.

జీపు!

రెండు హెడ్‌లైట్లు వాకిలిని తెల్లగా ముంచెత్తాయి. ముసుగులేసుకున్న మనుషులు దిగుతున్నారు. లావు రబ్బరు తొడుగులు, ఏనుగు తొండాల్లాంటి మాస్కులు. మైకులో గొంతు.

"ఎవరూ కదలొద్దు! కుళాయి ఆపండి! వాళ్ళు మాతో వస్తున్నారు... పాపతో సహా!"

వాళ్ళతో వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చింది లేదు. షెడ్డు వెనక గొర్రెల దొడ్డి ఉంది కదా.

"సార్, పాపకి అంటింది!" బావమరిది చేతులెత్తి ముందుకి నడిచాడు. "కడగనివ్వండి సార్. కడిగాక నేనే తీసుకొస్తా."

"కుళాయి ఆపమన్నాను ఆఫీసర్! ఇది ఆర్డరు! ఆపకపోతే కాల్చేస్తాం!"

బావమరిది ఆగిపోయాడు. పన్నెండేళ్ళ సర్వీసు. ఆర్డరంటే వేదం వాడికి. కూర్చోమంటే కూర్చుంటాడు, నిలబడమంటే నిలబడతాడు. ఇంట్లో అందరూ దాని మీదే ఎగతాళి చేసేవాళ్ళు.

వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"బావా! నువ్వు కడుగు."

"ఒరే, వద్దురా..."

"కడుగు బావా! చెవుల వెనక కూడా కడుగు. అక్కడ ఎప్పుడూ మర్చిపోతావ్ నువ్వు."

పిస్టల్ తీశాడు.

ఢాం!

ఒక హెడ్‌లైటు పగిలింది. ముసుగుల మనుషులు జీపు వెనక్కి ఉరికారు.

"ఒక్కడు గేటు దాటినా కాల్చేస్తా!" అరుస్తున్నాడు బావమరిది. "నీళ్ళు పొయ్యనివ్వండి! చిన్నపిల్ల సార్ అది! మా అక్క కూతురు సార్!"

మేస్త్రీ నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. తల మీద, బుగ్గ మీద, చెవుల వెనక. సబ్బు ముక్క చేతికి దొరికింది, జారిపోయింది, మళ్ళీ వెతుక్కున్నాడు. తడుముకుంటున్నాడు. రెప్పలు పూర్తిగా మూతపడ్డాయి. ఎంత లాగినా తెరుచుకోవడం లేదు. చుట్టూ నల్లగా, నిప్పులు పోసినట్టు మంట.

తన కళ్ళు పోయాయి. పోనీ! పిల్ల కళ్ళు!

"పిచ్చుకా! కళ్ళు తెరిచావా?"

"ఊఁ..."

"ఏం కనబడుతోంది? చెప్పు. చెబుతూనే ఉండు, ఆపకు!"

"బకెట్టు..."

ఇప్పుడు కనబడటం లెక్క కాదు. తెల్లారాక కనబడాలి. ఆ సంగతి మేస్త్రీకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. అయినా అడుగుతున్నాడు. వినకపోతే చచ్చిపోయేలా ఉన్నాడు.

"ఇంకా?"

"గోడ... నా చెప్పు... జీపు లైటు..."

"ఇంకా? ఇంకా చెప్పమ్మా!"

"మామయ్య. మామయ్య వీపు."

ఢాం!

ఈసారి చప్పుడు అటు నుంచి.

మేస్త్రీ చేతులు ఆగలేదు. నీళ్ళు పోశాడు. మళ్ళీ పోశాడు. బావమరిది అరుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాడు. కుళాయి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చెప్పు తల్లీ," అన్నాడు. "ఇప్పుడేం కనబడుతోంది?"

చేతుల కింద పిచ్చుక తల గేటు వైపు తిరిగింది.

"మామయ్య కింద పడుకున్నాడు నాన్నా."